బాపు రాయి మీద ఏం రాయాలి

బాపు పోయిన పది నెలలకు, సమాధి మీద రాయి పెట్టిద్దామని అమ్మ అడిగింది. వానలకు మట్టి కుంగి, చెక్క సిలువ పక్కకు ఒరిగిపోయింది. నల్లరాయి, పైన సిలువ గుర్తు, కింద బాపు పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. అంతకుమించి ఏమీ అక్కర్లేదని అందరం ఒప్పుకున్నాం. రాయి సంగతి అన్న చూసుకుంటానన్నాడు. రాత సంగతి నాకు వదిలారు. పాతబస్తీలోనే ఒక చిన్న ప్రైవేటు బడిలో పద్దెనిమిదేళ్లుగా ఇంగ్లీషు చెప్తున్నాను కాబట్టి, ఇంటికి ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా నా ముందుకే వస్తుంది. కరెంటు ఆఫీసు నోటీసు, అమ్మ మందుల చీటీ, వదిన చెల్లెలి ఉద్యోగం అర్జీ, అన్నీ నావే. ఇది కూడా అలాంటిదే, పది నిమిషాల పని అనుకున్నాను. నాలుగు నెలలు పట్టింది.

రాత ఇంగ్లీషులో ఉండాలన్నది అన్న పట్టుదల. ఆ వరసలో ఉన్న రాళ్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. బాపుది ఒక్కటే తెలుగులో ఉంటే చదువు లేని ఇల్లు అనుకుంటారని అతని బాధ. బాపు బస్సు డిపోలో ఫిట్టర్. జీవితమంతా ఇంగ్లీషు తెలిసినవాళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి. రాయి మీదైనా ఇంగ్లీషు ఉండనీ అని నేనూ వాదించలేదు.

మొదటి రోజు నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి రాశాను. పేరు, బార్న్ అని ఒక తేదీ, డైడ్ అని ఒక తేదీ. అన్న డ్యూటీ నుంచి వస్తూ మా ఇంటి ముందు బండి ఆపాడు. అతను నల్లా నీళ్ల శాఖలో లైన్‌మన్. కాగితం చదివి, నా మొహం చూశాడు.

"డైడ్ ఏంది చెల్లె? బాపేమన్న కుక్కనా?"

ఇంగ్లీషులో డైడ్ అంటే అవమానం కాదని చెప్పాను. రాజులు, రాష్ట్రపతులు, అందరికీ అదే మాట వాడతారన్నాను. తెలుగులో చచ్చిండు అని రాయిస్తావా అని అడిగాడు. డైడ్ అంటే చచ్చాడు కాదు, చనిపోయారు అని చెప్పాను.

"అయితె ఆ 'రు' ఎక్కడున్నది దాంట్ల?" అన్నాడు.

నిజానికి మా ఇంట్లో బాపును 'రు' పెట్టి ఎవరూ మాట్లాడలేదు. బాపు వచ్చిండు, బాపు తిన్నడు, అంతే. కానీ రాయి మీద మాత్రం 'రు' కావాలి. ఇంగ్లీషులో దాన్ని ఎక్కడ అతికించాలో నాకు తెలియలేదు. ఎస్ఎస్సీ పిల్లలకు రోజూ ఇంగ్లీషు వ్యాకరణం నూరిపోసేదాన్ని, ఒక్క అక్షరానికి జవాబు చెప్పలేక కూచున్నాను.

అన్న దగ్గర తన మాట సిద్ధంగా ఉంది. ఎక్స్‌పైర్డ్ అని రాయమన్నాడు. మందుల డబ్బా మీద, పాల ప్యాకెట్ మీద, డ్రైవింగ్ లైసెన్సు మీద రాసే మాట అది అన్నాను. ఆఫీసులో అందరూ మనుషులకు కూడా అదే రాస్తారని అతను. అది మన దేశంలో ఆఫీసువాళ్లు చేసిన పని, బయట మామూలు మాటల్లో మనిషిని అలా అనరు అని నేను. బాపు ఈ దేశంలనే కద పోయింది అన్నాడు.

రెండు రోజులు మండిపడి, మధ్యేమార్గంగా పాస్డ్ అవే అని రాశాను. మర్యాదైన మాట, ఎవరికీ గుచ్చుకోని మాట. అన్న కూడా రెండుసార్లు పైకి చదువుకుని పర్వాలేదన్నాడు. ఇక అయిపోయిందనుకుని అమ్మకు చూపించాను. అమ్మకు ఇంగ్లీషు రాదు. ప్రతి మాటా తెలుగులో చెప్పమంది. దాటిపోయారు అని చెప్పాను. అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. తుంచడం ఆపింది.

"దాటిపోవుడేంది? నాకు చెప్పకుంట జారుకున్నట్టున్నది. మీ బాపు దవాఖానకు పోతు ఆటో ఎక్కెటప్పుడు గూడ పోయొస్త అని చెప్పిండు."

అలా కాదమ్మా, అది ఇంగ్లీషులో ఒక పద్ధతి అన్నాను. పద్ధతి నీకు తెలుసు, నాకు తెలియదు, నేను అక్కడికి పోయినప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది అంది. ఆ కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం, ప్రార్థన అయ్యాక, అత్తమ్మ, మా చర్చి పాస్టరు అయ్యగారు మా ఇంటికి వచ్చారు. అత్తమ్మ అంటే బాపు అక్క. ఒక ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. మా చర్చిలో ఆమె మాటకు అయ్యగారు కూడా ఎదురు చెప్పరు. రాయి కథంతా విని, దీనికి ఇంత ఆలోచన ఎందుకని అడిగింది. విశ్వాసులు చనిపోరు, ప్రభువులో నిద్రిస్తారు, అదే రాయండి, స్లెప్ట్ ఇన్ ది లార్డ్ అంది. మాట మంచిదే. చర్చి పక్కనున్న పాత సమాధుల మీద చాలాచోట్ల ఉంది. అయ్యగారు తలూపారు. నాకూ ప్రాణం లేచి వచ్చింది. అన్న కాగితం తీశాడు.

అమ్మ టీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టింది. నిద్ర అనే మాట ఆమె చెవిన పడింది.

"నిద్రపోయిండని రాయిపిస్తరా? మల్లనా?" అంది.

అయ్యగారికి అర్థం కాలేదు. అత్తమ్మ, ఇది బైబిలు వాక్యంలో ఉన్నదే అని మొదలుపెట్టింది. నాకు మాత్రం అర్థమైంది.

అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. డిపోలో మనుషులు తక్కువై బాపు రెండు డ్యూటీలు వరసగా చేశాడు. రెండోరోజు మధ్యాహ్నం బస్సు కింద వెల్లకిలా పడుకుని బోల్టులు బిగిస్తుంటే కళ్లు మూతపడ్డాయి. కంట్లో మట్టి రాలుతుందని మూశానని బాపు అన్నాడు. నిద్రపోయాడని సూపర్‌వైజరు రాశాడు. మరునాడు ఇంగ్లీషులో మెమో ఇచ్చారు. జవాబు కూడా ఇంగ్లీషులోనే కావాలన్నారు. బాపు నా ముందు నేల మీద కూచుని, స్లీపింగ్ అన్న మాట ఎక్కడా రావద్దు బిడ్డా అన్నాడు. రెస్టింగ్ అని రాయనా అన్నాను. డ్యూటీలో రెస్ట్ ఏందని అడుగుతారన్నాడు. డోజింగ్ అన్నాను. అంటే ఏమిటని అడిగాడు. కునుకు అని చెప్పాను. అదీ నిద్రే కదా అన్నాడు. చివరికి, బస్సు కింద లయింగ్‌లో ఉన్నానని రాశాను. పడుకుని ఉండటానికీ, అబద్ధమాడటానికీ ఇంగ్లీషులో అదే మాట వాడతారని ఆ వయసులో నాకు తట్టలేదు. ఆఫీసరు ఆ మాట చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, పక్కన 'నిజమే' అని ఇంగ్లీషులో రాసి పంపాడు. బాపు ఆ కాగితం ఇంటికి తెచ్చి, సారు ఏం రాసిండు బిడ్డా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. తర్వాత ఎవరితోనో చదివించుకునే ఉంటాడు. నన్ను మాత్రం ఇంకెప్పుడూ అడగలేదు.

ఆ మెమో సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది. బాపు ఫిట్టర్‌గా చేరి ఫిట్టర్‌గానే రిటైరయ్యాడు.

"నిద్రపోయిండని ఒక్కపాలి కాయితం మీద రాసిండ్రు, చాలదా? ఇప్పుడు బండ మీద గూడ రాస్తరా?" అంది అమ్మ. గట్టిగా అనలేదు. టీ చల్లారిపోతుంది తాగండి అని అయ్యగారికి గ్లాసు అందించింది.

అత్తమ్మ నొచ్చుకుంది. దేవుని మాటకూ డిపో మాటకూ పోలికేమిటని, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అయ్యగారు ఇద్దరినీ సముదాయించాలని, ఇంకో మంచి మాట ఉంది, ప్రమోటెడ్ టు గ్లోరీ, మహిమలోకి హెచ్చింపబడ్డారు అని అర్థం, మొన్న ఒక పెద్దాయనకు అదే రాయించారు అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. అన్న తలవంచుకుని, ప్రమోషన్ మాట మాత్రం వద్దు అయ్యగారూ అన్నాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముందు ఏడుస్తుందనుకున్నాను. నవ్వుతోంది.

ఆ రోజు ఏమీ తేలలేదు. అత్తమ్మ టీ తాగకుండా వెళ్లింది.

ఇక రాయి చెక్కే భాయ్ ఫోన్లు మొదలయ్యాయి. ఆయన దుకాణం మా సమాధుల స్థలానికి పోయే దారిలోనే ఉంటుంది. ముస్లింల రాళ్లూ, మా రాళ్లూ ఆయనే చేస్తాడు. రాయి కోసి, పాలిష్ పట్టి పెట్టాను మేడమ్, మాటర్ ఇయ్యండి, రోజూ తుడవలేక చస్తున్నా అనేవాడు. ఒకరోజు బడి నుంచి వస్తూ ఆగాను. ఇంకో వారం టైం అడుగుదామని వెళ్లి, ఎందుకు ఆలస్యమైందో చెప్పుకున్నాను. ఆయన తలమీది గుడ్డ తీసి దులుపుకున్నాడు.

"మా తాన గీ లొల్లి లేదు మేడమ్. వఫాత్ అని రాస్తం, తారీఖు రాస్తం, అయిపాయె."

ఇంతెకాల్ అని రాయమని ఎవరూ అడగరా అన్నాను. చనిపోవడానికి ఉర్దూలో ఆ మాట కూడా ఉందని నాకు తెలుసు. అడుగుతారని ఆయన ఒప్పుకున్నాడు. పోయిన ఏడాది ఇద్దరు అన్నదమ్ములు ఈ దుకాణం ముందే ఆ రెండు మాటల మీద పోట్లాడుకున్నారట. చివరికి ఎవరి మాట నెగ్గిందని అడిగాను. పెద్దాయనది, ఎందుకంటే ఆయనే ముందు రోజు వచ్చి చెప్పిపోయాడు అన్నాడు. అప్పుడు నేను నవ్వాను.

ఆ వారమంతా నేను మనిషిలా లేను. బడిలో ఎనిమిదో తరగతికి సమానార్థక పదాలు చెప్పాల్సి వచ్చింది. ఓల్డ్ అన్నచోట ఏన్షియంట్ అని రాసిన ఒకమ్మాయికి మార్కు కొట్టేశాను. మా ఏన్షియంట్ తాత అని రాసింది మరి. రెండింటికీ అర్థం ఒకటేనని మీరే బోర్డు మీద రాశారు కదా టీచర్ అంది. అర్థం ఒకటే అయినా చోటు వేరు అన్నాను. ఆ చోటు మాకెట్ల తెలుస్తది అంది. చదవగా చదవగా తెలుస్తుంది, కూచో అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. ఇంటికొచ్చి నిఘంటువు ముందేసుకుని, ఉన్న మాటలన్నీ వరసగా రాసుకున్నాను. డిమైజ్, డిపార్టెడ్, డిసీజ్డ్. ఒకటి కోర్టుది, ఒకటి రైల్వే స్టేషనుది, ఒకటి పోలీసులది. మనిషి పోయాడని చెప్పడానికి ఇన్ని మాటలున్న భాషలో మా బాపుకు పనికొచ్చే మాట ఒక్కటి లేదు. నాకు ఇంగ్లీషు మీద కోపం వచ్చింది, అన్న మీద వచ్చింది, అత్తమ్మ మీద వచ్చింది. చివరికి, ఒక మాటకు ఇంత రాద్ధాంతం చేయించిన బాపు మీద కూడా వచ్చింది.

రెండు శనివారాల తర్వాత పత్తర్‌గట్టిలో అమ్మకు చీరె కొని, ఆటోలో తిరిగొస్తూ భాయ్ దుకాణం ముందు నుంచి వచ్చాను. గోడకు ఆనించి ఒక నల్లరాయి నిలబెట్టి ఉంది. బాపు పేరు కనబడింది. ఆటో ఆపించి దిగాను. పేరు కింద, పోయిన తేదీ పక్కన, పెద్ద అక్షరాల్లో ఎక్స్‌పైర్డ్ అని ఉంది. అక్షరాల్లో తెల్లరంగు కూడా నింపేశారు. భాయ్ లేచి నిలబడ్డాడు. మీ అన్నే వచ్చి రాసిచ్చారు, ఇంట్లో అందరికీ ఇష్టమేనన్నారు మేడమ్ అన్నాడు. మార్చడానికి కుదురుతుందా అని అడిగాను. రాయి పొడి, గమ్ము కలిపి గుంటలు పూడ్చి మళ్లీ కోయొచ్చు, కానీ మచ్చ తెలుస్తుంది అన్నాడు.

ఆ ఆటోను అటునుంచి అటే అన్న ఇంటికి మళ్లించాను. అన్న బనీనుతో కూచుని పిల్లల సైకిలుకు చైను ఎక్కిస్తున్నాడు. వాకిట్లో నిలబడే అడిగాను. ఇన్నాళ్లు నన్ను ఎందుకు తిప్పావని, నాతో ఒక్కమాట ఎందుకు చెప్పలేదని, పాల ప్యాకెట్ మీది మాట బాపు మీద రాయించడానికి చేతులెట్లా వచ్చాయని. ఇంకా చాలా అన్నాను. చదువుకున్న నాకు విలువ లేదన్నాను. వదిన బయటికొచ్చి, లోపలికి వచ్చి కూచుని తిట్టు అంది. నేను కదల్లేదు. అన్న చేతులకు అంటిన గ్రీజు గుడ్డకు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"దవాఖానల నేనొక్కన్నే ఉన్న చెల్లె," అన్నాడు చివరికి. "డాక్టర్ బయటికొచ్చి గా మాటనే చెప్పిండు. ఎక్స్‌పైర్డ్ అన్నడు. నాకు జర సేపు తెల్వనే లేదు ఏమన్నడో. అటెన్క నేను మీకందరికి ఫోన్ల అదే మాట చెప్పిన. మీరంత వేరే వేరే మాటలు చెప్తున్నరు గని, నాకు బాపు గా మాటలనే పోయిండు."

ఆ ఫోను నాకు వచ్చినప్పుడు స్టాఫ్ రూమ్‌లో ఉన్నాను. మధ్యాహ్నం పీరియడ్ గంట ఇంకా మోగలేదు. బాపు ఎక్స్‌పైర్ అయిండు చెల్లె అన్నాడు. నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన బాపు గురించి కాదు. మనిషిని అలా అనకూడదు, అది తప్పు వాడకం అన్నది నా తలలో మెదిలింది. ఒక్క క్షణమే. తర్వాత కుర్చీ పట్టుకుని ఏడ్చాను, తోటి టీచర్లు నీళ్లు తాగించారు, అంతా మామూలుగానే జరిగింది. కానీ ఆ క్షణం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అన్న వాకిట్లో కూడా చెప్పలేదు. వదిన ఇచ్చిన టీ తాగి ఇంటికి వచ్చేశాను. ఆటోలో చీరె కవరు మరిచిపోయానని రాత్రికి గుర్తొచ్చింది.

రాయి పెట్టిన రోజు పొద్దున్నే అన్న గుడిమల్కాపూర్ వెళ్లి తెల్ల చామంతులు తెచ్చాడు. ఇద్దరు కూలీలు సిమెంటు కలిపి రాయిని నిలబెట్టారు. అత్తమ్మ వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని రాత చదివి, సిలువ బాగా వచ్చింది అని మాత్రం అంది. అయ్యగారు ప్రార్థన చేశారు. అమ్మ ముందుకు వంగి అక్షరాల మీద వేలు పెట్టి, పేరు దగ్గర కాసేపు ఆగి, కింది మాట దగ్గరికి వచ్చి నావైపు చూసింది.

"గిదేంది బిడ్డా?"

అన్న నన్నే చూస్తున్నాడు. మరణించారు అని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ నాలుగు నెలలు ప్రతి మాటకూ సరైన అర్థం చెప్పి అందరినీ వేధించినదాన్ని, అక్కడ వదిలేయడానికి మనసొప్పలేదు. గడువు అయిపోయిందని అర్థం అని చెప్పాను.

అమ్మ అక్షరాల మీంచి వేలు తీసింది. అయిపోయింది నిజమే కదా అంది. తర్వాత, పుట్టిన తేదీ ఎప్పుడూ ఒక ఏడాది తక్కువే, బడిలో అట్లా రాయించారు, అది ఎవరూ చూసుకోలేదా అని అడిగింది. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. సర్టిఫికెట్లలో అదే ఉందమ్మా అని అన్న అంటే, సరే ఉండనీ అని పూలు పరిచింది.

ఆ మాట నాకు ఇప్పటికీ నచ్చలేదు. వెళ్లినప్పుడల్లా చూపు దాని మీదే పడుతుంది, పడ్డప్పుడల్లా చిరాకేస్తుంది. అన్నతో నెలన్నర సరిగా మాట్లాడలేదు. తర్వాత అతని చిన్నకూతురు పుట్టినరోజుకు వెళ్లక తప్పలేదు, వెళ్లాక మాట్లాడక తప్పలేదు. అంతటితో సరిపోయింది.

సరిపోలేదు కూడా. బాపు రాయి చూసి మా చర్చిలో ఇంకో రెండు కుటుంబాలు, రాత చాలా బాగుంది, ఎవరు రాశారని అడిగాయట. అన్న తానే అని చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ ఇళ్లవాళ్లు రాళ్ల రాతకు అన్న దగ్గరికి వస్తున్నారు. అన్న నాకు ఫోన్ చేస్తున్నాడు. మొన్న పరీక్ష పేపర్లు దిద్దుతుంటే చేశాడు. ఒకావిడ భర్తకు రాయి పెట్టిస్తోంది, బిలవెడ్ హస్బెండ్ అని రాయాలా, డియర్ హస్బెండ్ అని రాయాలా చెప్పమన్నాడు. రెండూ ఒకటే, ఏదో ఒకటి రాయమను అన్నాను.

"రెండు ఒకటే అయితె రెండెందుకున్నయ్ చెల్లె?" అన్నాడు.

పేపర్లు పక్కన పెట్టి, ఎర్ర పెన్ను మూత పెట్టి, ముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పు అన్నాను.